అమ్మానాన్నలకు కిటికీ సీటు వద్దు

మీ అబ్బాయి డాలస్‌ నుంచి టికెట్లు పంపించాడు. అమ్మకు కిటికీ సీటు, పక్కన నాన్నకు మధ్య సీటు. ఎయిర్‌పోర్టులో అంతంత దూరం నడవలేరని ఇద్దరికీ వీల్‌ఛైర్‌ పెట్టించాడు. ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడక్కర్లేదు, వీల్‌ఛైర్‌ తోసే మనిషే అన్ని కౌంటర్లూ దాటిస్తాడు. ‘ఎక్కగానే నిద్రమాత్ర వేసుకోండి, కళ్లు తెరిచేసరికి అమెరికాలో ఉంటారు’ అని ఫోన్లో ఒక సలహా. ‘మాటిమాటికీ బాత్రూముకు లేవాల్సి వస్తుంది, నీళ్లు కాస్త తగ్గించండి’ అని పోయినేడు వెళ్లొచ్చిన పక్కింటావిడ ఇంకో సలహా.

అన్నీ మంచి మనసుతో చేసినవే. కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. ఇంట్లో రోజూ వంటింటికీ వాకిలికీ మధ్య పాతికసార్లు తిరిగే మనిషిని ఒక పగలూ ఒక రాత్రీ కదలనివ్వకుండా కూర్చోబెట్టే ఏర్పాట్లివి. దూర ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడానికి ముఖ్య కారణం ఆ కదలకపోవడమే. విమానం కాదు, ఎత్తు కాదు, ఏసీ కాదు.

ఈ సంగతి ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణముంది. హైదరాబాద్‌ నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. గల్ఫ్‌ మీదుగా అయితే దోహాకో దుబాయ్‌కో సుమారు నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ, ఆపై డాలస్‌కు దాదాపు 16 గంటలు. ఢిల్లీ మీదుగా వెళ్లేవారికి 2025 ఏప్రిల్‌లో మరో చిక్కు వచ్చిపడింది. పాకిస్తాన్‌ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేయడంతో అవి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. కొన్ని ఐరోపాలో ఇంధనం కోసం ఆగి మరీ వెళ్లాయి. టికెట్‌ ధరల గురించి, విమాన సంస్థల నష్టాల గురించి చాలా చర్చ జరిగింది. సీట్లో కూర్చునే గంటలు పెరిగితే కాళ్ల సంగతేమిటన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. విమానం ఎక్కడో గంటసేపు ఆగినా, మనిషి సీట్లోంచి లేవకపోతే కాలికి అది విరామం కాదు.

ముప్పు ఎంత?

ముందే భయపడిపోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2007లో వెలువడ్డాయి. నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత సిరల్లో గడ్డ ఏర్పడే ముప్పు సుమారు రెట్టింపవుతుందని అందులో తేలింది. ‘రెట్టింపు’ అనగానే గుండె గుభేలుమంటుంది. అసలు లెక్క చూస్తే, ఆరోగ్యంగా ఉన్నవారిలో అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు. పారిస్‌లోని చార్లెస్‌ డీగాల్‌ విమానాశ్రయంలో దిగినవారి వివరాలతో 2001లో వచ్చిన మరో పరిశీలన దూరానికీ గడ్డకూ ఉన్న సంబంధాన్ని చూపించింది. 5 వేల కిలోమీటర్ల లోపు ప్రయాణించినవారిలో దిగుతూనే ఊపిరితిత్తుల్లో గడ్డతో ఆసుపత్రి పాలైనవారు లేరన్నంత తక్కువ. 10 వేల కిలోమీటర్లు దాటి వచ్చినవారిలో పది లక్షల మందికి సుమారు ఐదుగురు. హైదరాబాద్‌ నుంచి అమెరికాలోని ఏ నగరానికి వెళ్లినా దూరం 10 వేల కిలోమీటర్లు దాటుతుంది.

అయితే ఆ ‘ఆరు వేలలో ఒకరు’ ఆరోగ్యవంతుల లెక్క. మీ అమ్మకు 66 ఏళ్లు, 78 కిలోల బరువు, కాళ్లలో ఉబ్బిన నరాలు, పోయిన దసరాకు మోకాలి మార్పిడి అయితే ఆమె ఆ లెక్కలోకి రారు. అందుకే ‘అందరూ వెళ్లొస్తున్నారు కదా’ అన్న ధీమా కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు.

పిక్కలో ఉన్న పంపు

గుండె రక్తాన్ని కాళ్లలోకి తోస్తుంది. కిందికి వెళ్లిన రక్తం తిరిగి పైకెక్కాలంటే పిక్క కండరం పని చేయాలి. అడుగు వేసినప్పుడల్లా ఆ కండరం బిగిసి, లోపలి సిరలను పిండి, రక్తాన్ని పైకి పంపుతుంది. సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. బావిలోంచి నీళ్లు తోడే చేతిపంపు లాంటిదే ఇది. కొట్టినంతసేపే నీళ్లు వస్తాయి. గంటల తరబడి కూర్చుంటే పంపు ఆగిపోతుంది. మోకాలి దగ్గర వంపు, తొడ కింద సీటు అంచు నొక్కు దీనికి తోడవుతాయి. రక్తం నెమ్మదించి, సిర మూలల్లో గడ్డకట్టడం మొదలవుతుంది. వైద్యులు దీన్ని డీవీటీ, అంటే డీప్‌ వెయిన్‌ త్రాంబోసిస్‌ అంటారు. గడ్డ అక్కడే ఉంటే కాలు వాస్తుంది, నొప్పి పుడుతుంది. అందులో ఓ ముక్క తెగి పైకి కొట్టుకుపోతే గుండె గుండా ఊపిరితిత్తుల్లోకి చేరి అడ్డుపడుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే.

దీనికి ‘ఎకానమీ క్లాస్‌ సిండ్రోమ్‌’ అని ఎవరో పేరు పెట్టారు గానీ ఆ పేరు తప్పుదారి పట్టిస్తుంది. 1940లో లండన్‌పై జర్మన్‌ విమానాలు బాంబులు కురిపిస్తున్నప్పుడు జనం రాత్రంతా షెల్టర్లలో మడత కుర్చీల్లో కూర్చునేవారు. వారిలో ఊపిరితిత్తుల్లో గడ్డలతో మరణాలు పెరిగాయని అప్పుడే అక్కడి వైద్యుడు కీత్‌ సింప్సన్‌ గుర్తించారు. జపాన్‌లో 2004 నీగాటా భూకంపం తర్వాత ఇళ్లలోకి వెళ్లడానికి భయపడి కార్లలోనే పడుకున్నవారికీ ఇదే జరిగింది. వాళ్లెవరూ విమానం ఎక్కలేదు. బిజినెస్‌ క్లాస్‌లో కాళ్లు చాపుకుని కదలకుండా పడుకున్నా ముప్పు లేకపోలేదు.

కిటికీ సీటు ఎందుకు వద్దంటే

మేఘాలు చూస్తారని మనం పెద్దవాళ్లను కిటికీ దగ్గర కూర్చోబెడతాం. అరగంట తర్వాత చూడటానికేమీ ఉండదు. లేవాలంటే ఇద్దరిని లేపాలి. పక్కవాడు నిద్రపోతుంటే మన తల్లులు వాణ్ని లేపరు, ఎంత అవసరమైనా ఓర్చుకుంటారు. కిటికీ పక్కన కూర్చున్నవారికి ముప్పు, నడిచే దారి పక్కన కూర్చున్నవారితో పోలిస్తే ఎక్కువని డచ్‌ పరిశోధకులు గమనించారు. అందుకే టికెట్‌ కొనేటప్పుడే దారి పక్క సీటు, అంటే ఐల్‌ సీటు తీసుకోండి. ఇద్దరు వెళ్తుంటే దారికి అటూ ఇటూ ఉన్న రెండు సీట్లు ఇంకా మంచిది. సీటు ఎంచుకోవడానికి అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చినా కట్టండి. ఊరగాయ సీసాల కోసం అదనపు లగేజీకి కట్టడం లేదా ఏమిటి!

డచ్‌ పరిశోధకులే 2006లో మరో విషయం చెప్పారు. బాగా పొడవైనవారితో పాటు, 160 సెంటీమీటర్ల కంటే పొట్టివారికి కూడా విమాన ప్రయాణంలో ముప్పు పెరుగుతోంది. మన ఇళ్లలో అమ్మల్లో ఎక్కువమంది ఆ ఎత్తు లోపే. సీట్లో వెనక్కి కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. సీటు అంచు తొడ వెనక నొక్కుకుంటుంది. చిన్న చేతిసంచి ఒకటి పాదాల కింద పెట్టుకుంటే చాలు, ఆ నొక్కు తగ్గుతుంది. అంతకుమించిన సామాను కాళ్ల దగ్గర కుక్కితే మళ్లీ కాళ్లు కదపడానికి చోటుండదు.

ఇక వీల్‌ఛైర్‌. నిజంగా నడవలేనివారికి అది హక్కు, మొహమాటపడక్కర్లేదు. కానీ రోజూ సాయంత్రం పార్కులో రెండు కిలోమీటర్లు నడిచే మనిషికి భాష రాదన్న కారణంతో వీల్‌ఛైర్‌ పెట్టిస్తే ఏమవుతుంది? విమానంలో కూర్చున్నాక దిగి కూర్చోవడం, మధ్యలో మారే విమానాశ్రయంలో మూడు నాలుగు గంటలు ఒక మూల కూర్చోవడం, మళ్లీ విమానంలో కూర్చోవడం. కాళ్లకు దొరికే ఒకే ఒక్క అవకాశం ఆ విరామం. దాన్నీ చేజేతులా పోగొట్టుకుంటాం. భాషే ఇబ్బందైతే గేటు నంబరు, విమానం నంబరు, ‘దారి చూపండి’ అన్న మాట ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో కాగితం మీద రాసివ్వండి. అదే విమానంలో వెళ్తున్న తెలుగువాళ్లను ముందే వాట్సాప్‌ గ్రూపుల్లో వెతికి కలపండి. తప్పక వీల్‌ఛైర్‌ పెట్టించినా, వేచివుండే చోట గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని చెప్పండి. వీల్‌ఛైర్‌ ఎక్కినంత మాత్రాన దిగకూడదన్న రూలేమీ లేదు.

నిద్రమాత్ర సంగతి మరీ ముఖ్యం. మామూలు నిద్రలో మనిషి ఒళ్లు విరుచుకుంటాడు, కాళ్లు సర్దుకుంటాడు. మాత్ర వేసుకున్న నిద్రలో మెడ ఒక పక్కకు, కాళ్లు ఒకే వంపులో గంటల తరబడి అలాగే ఉండిపోతాయి. మద్యం చేసేదీ అంతే. మీ డాక్టరు రోజూ వాడమని రాసిన మాత్ర అయితే ఆయన్ను అడగండి. ప్రయాణం కోసం ప్రత్యేకంగా కొనకండి.

నీళ్లు తక్కువ తాగితే గడ్డ కడుతుందని గట్టిగా నిరూపించిన ఆధారం లేదు. అయినా తాగమనే చెబుతాం. నీళ్లు తాగినవారు బాత్రూముకు లేస్తారు, లేచినవారి పిక్కలు పని చేస్తాయి. పక్కింటావిడ భయపెట్టిన విషయమే ఇక్కడ మందు.

సీట్లోనే చేయగలిగేది కూడా ఉంది. మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకెత్తడం, తర్వాత వేళ్లు ఆనించి మడమలెత్తడం, కుట్టు మిషన్‌ తొక్కినట్టు. అరగంటకోసారి రెండు నిమిషాలు. అమ్మకు మిషన్‌ తొక్కిన అలవాటుంటే ఇంకేం వివరించక్కర్లేదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో గంటన్నరకో లేచి దారిలో అటూ ఇటూ నడవాలి. సీటు బెల్టు గుర్తు వెలిగినప్పుడు మాత్రం కూర్చోవాల్సిందే.

ఎవరు డాక్టర్ని కలవాలి

గతంలో ఒకసారి గడ్డ వచ్చినవారు అందరికంటే ముందు. తర్వాత ఈమధ్యే పెద్ద ఆపరేషన్‌ అయినవారు, ముఖ్యంగా తుంటి, మోకాలి మార్పిడి చేయించుకున్నవారు, కాలికి సిమెంటు కట్టు ఉన్నవారు, క్యాన్సర్‌ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు, కాన్పై ఆరు వారాలు దాటనివారు, హార్మోన్‌ మాత్రలు వాడుతున్నవారు. స్థూలకాయం, పెద్ద వయసు, రక్త సంబంధీకుల్లో ఎవరికైనా గడ్డ వచ్చిన చరిత్ర కూడా ముప్పును పెంచుతాయి. ఒక్కొక్కటీ విడిగా చిన్నదే కావచ్చు, రెండు మూడు కలిస్తే చిన్నది కాదు. మోకాళ్ల ఆపరేషన్‌ అయిన నెలకే మనవడి బారసాలకు టికెట్లు తీసుకునేవారిని చూస్తుంటాం. ముందు టికెట్‌ కొని తర్వాత సర్జన్‌ను ‘వెళ్లొచ్చా?’ అని అడగడం మన అలవాటు. అది తిరగబడాలి. మొదటి మూడు నెలలూ దూర ప్రయాణం వాయిదా వేసుకోమనే సర్జన్లు ఎక్కువ.

ముప్పు ఉన్నవారికి వైద్యులు సాధారణంగా సూచించేది మోకాలి కింది వరకు వచ్చే కంప్రెషన్‌ సాక్స్‌. చీలమండ దగ్గర ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ బిగుతు ఉండేలా వీటిని నేస్తారు. దూర విమాన ప్రయాణికులపై చేసిన పరీక్షల్లో, ఇవి వేసుకున్నవారిలో పైకి తెలియని చిన్న గడ్డలు బాగా తగ్గినట్టు తేలింది. కాలి కొలత తీసుకునే కొనాలి. ఆన్‌లైన్‌లో ‘ఫ్రీ సైజు’ అని దొరికేవి పిక్క మీద తాడులా బిగుసుకుంటే మేలుకు బదులు కీడు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు, కాలి ధమనుల్లో అడ్డంకులు ఉన్నవారు డాక్టరు చూడకుండా వీటిని వేసుకోకూడదు. ఏ ముప్పూ లేని ఆరోగ్యవంతులకు వీటి అవసరం లేదు.

ఆస్పిరిన్‌ గురించి చాలామంది అడుగుతారు. ‘రక్తం పల్చబడుతుందట కదా, ప్రయాణం ముందు ఒకటి వేసుకుంటే పోలా?’ అని. ఆస్పిరిన్‌ ప్రధానంగా ధమనుల్లో గడ్డలకు పనికొచ్చే మందు. కేవలం ప్రయాణం కోసం దాన్ని వేసుకోవద్దనే అమెరికన్‌ ఛెస్ట్‌ ఫిజీషియన్ల సంఘం 2012లో సూచించింది. కడుపులో పుండు, రక్తస్రావం ముప్పు తెచ్చుకోవడం ఎందుకు? గుండె కోసం ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం ఆపకూడదు. బాగా ముప్పు ఉన్నవారికి డాక్టరు ప్రయాణం ముందు వేరే ఇంజెక్షనో మాత్రో ఇవ్వొచ్చు. అది ఆయన నిర్ణయం.

ఇంకో మాట, ఆడవాళ్లకు ప్రత్యేకంగా. కాశీకో తిరుమలకో బయల్దేరే ముందు నెలసరి వాయిదా పడేందుకు మందుల షాపులో మాత్రలు అడిగి వేసుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. వీటిలో ఎక్కువగా వాడే నార్‌ఇథిస్టిరోన్‌లో కొంత భాగం ఒంట్లోకి వెళ్లాక ఈస్ట్రోజెన్‌ రకం హార్మోన్‌గా మారుతుంది. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. దానిపైన రాత్రంతా బస్సులో కూర్చుంటే రెండు ముప్పులూ కలుస్తాయి. మనలో చాలామందికి ఏమీ కాదు. కానీ గతంలో గడ్డ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా వచ్చినా, బరువు ఎక్కువున్నా ఆ మాత్ర డాక్టరు రాయకుండా వేసుకోవద్దు.

దిగాక రెండు వారాలు

చాలామంది విమానం దిగగానే గండం గడిచిందనుకుంటారు. గడ్డ లక్షణాలు సాధారణంగా కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి. మొదటి రెండు వారాల్లో ముప్పు ఎక్కువ, తర్వాత తగ్గుతూ సుమారు ఎనిమిది వారాలకు మామూలు స్థాయికి వస్తుంది. ప్రయాణం వల్ల రెండు పాదాలూ సమానంగా ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే కంగారు అక్కర్లేదు. ఒక కాలే వాస్తే, ఆ పిక్క వేడిగా, బిగువుగా ఉండి నడిస్తే నొప్పి పుడితే అనుమానించాలి. పుస్తకాల్లో ‘కాలు ఎర్రబడుతుంది’ అని రాస్తారు. మన చామనచాయ ఒంటిమీద ఆ ఎరుపు కనిపించకపోవచ్చు, చేత్తో తాకి రెండు కాళ్లనూ పోల్చి చూడాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం... వీటిలో ఏది వచ్చినా ఒక్క నిమిషం ఆగొద్దు. అక్కడైతే 911, ఇక్కడైతే 108.

ఒక కాలు వాచి పట్టేసినట్టుంటే మనం మొదట చేసే పని, నువ్వుల నూనె వేడి చేసి గట్టిగా మర్దన చేయడం. దయచేసి చేయకండి. గడ్డ ఉంటే అది తెగి పైకి కొట్టుకుపోవచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌ వైద్యులు అలాంటి ఉదంతాన్నే వైద్య పత్రికలో నమోదు చేశారు. కాలి గాయానికి వేసిన కట్టు తీశాక వాపు ఉందని తల్లి నూనెతో మర్దన చేస్తే ఆ యువకుడు కుప్పకూలి మరణించాడు.

అమెరికాలో మన పెద్దవాళ్లు కాలి నొప్పి దాచడానికి ఇంకో కారణం డబ్బు. ‘అక్కడ ఆసుపత్రి అంటే లక్షలట, పిల్లల మీద భారం ఎందుకు’ అని నోరు మూసుకుంటారు. లేదా ఇక్కడి ఫ్యామిలీ డాక్టరుకు ఫోన్‌ చేస్తారు. ఆయన ఎంత మంచివాడైనా ఏడు సముద్రాల అవతల ఉన్న పిక్కను నొక్కి చూడలేడు. కాలి గడ్డను డాప్లర్‌ స్కాన్‌తో పట్టుకోవచ్చు. తొందరగా దొరికితే చాలామందికి ఆసుపత్రిలో చేరకుండానే, రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలతో కనీసం మూడు నెలల చికిత్స సరిపోతుంది. అదే ఊపిరితిత్తులకు చేరాక తెలిస్తే సీటీ స్కాన్‌, ఐసీయూ. ఖర్చుకు భయపడి ఆగినవారికే ఖర్చు ఎక్కువవుతుంది. విజిటర్‌ ఇన్సూరెన్స్‌ తీసుకునేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసర పరిస్థితికి ఎంతవరకు ఇస్తారో అడిగి, ఆ జవాబు మెయిల్లో తీసుకోండి. అమ్మానాన్నలకు కూడా ముందే చెప్పండి, ‘కాలు వాస్తే దాచొద్దు, ఇన్సూరెన్స్‌ ఉంది’ అని. ఆ ఒక్క మాటకు వాళ్లు నోరు విప్పుతారు.

విమానం ఎక్కనివారికీ ఇదంతా వర్తిస్తుంది. హైదరాబాద్‌ నుంచి షిర్డీకో బెంగళూరుకో రాత్రి బస్సు, సంక్రాంతికి విజయవాడ దారిలో టోల్‌గేట్ల దగ్గర గంటలకొద్దీ ఆగిన కారు, వారణాసికి రైలు. రైలు కాస్త నయం, నడవడానికి చోటుంటుంది. కారు మన చేతిలో ఉన్న బండి. రెండు గంటలకోసారి ఆపి అందరూ దిగండి, డ్రైవరు కూడా. బస్సు టీకి ఆగితే ‘నాకొద్దులే’ అని సీట్లోనే ఉండిపోయేవారిని దింపండి. టీ తాగకపోయినా నడిచి రావచ్చు.

ఆరు నెలలయ్యాక వాళ్లు తిరిగొస్తారు. వెళ్లేటప్పుడు పడిన జాగ్రత్త వచ్చేటప్పుడు ఉండదు. ఇంటికే కదా వెళ్తున్నారని పిల్లలకు ధైర్యం. ఇక్కడ దిగాక ఇంట్లో ఇద్దరే ఉంటారు, చూసేవారుండరు. అందుకే ఆ రెండు వారాలూ వీడియో కాల్‌ చేసినప్పుడు, భోజనం అయిందా అని అడిగాక, ఫోన్‌ కాస్త కిందికి తిప్పి రెండు కాళ్లూ చూపించమనండి.